గంధం మరక

మా షెడ్డు తిరుచానూరు రోడ్డులో.
రోజుకు పదకొండు వందల దిండు గలీబులు,
ఆరు వందల దుప్పట్లు,
ఇరవై మూడు లాడ్జీలవి.

కొండమీద గుండు కొట్టించుకున్న తల
గంధం పూసుకొని దిగొచ్చి
మా గలీబు మీదనే నిద్రపోతుంది.
తెల్లారేసరికి తల లేచి ఊరికి పోతుంది.
దాని గుండ్రం మిగిలిపోతుంది, పచ్చగా.

మూడేండ్లు ఆ గుండ్రంతో కొట్లాడినాను.
వేడినీళ్ళు, సోడా. పచ్చంది ఎర్రబడేది.
ఇంకా సోడా. ఇంకా ఎరుపు.
లాడ్జి మేనేజరు దేశప్ప
ఒకదాన్ని రెండువేళ్ళతో ఎత్తిపట్టి అడిగినాడు:
"ఏం మేడం, రాత్రి ఎవరినన్నా నరికినారా దీనిమీద?"

సబ్బుపొడి కంపెనీ పిల్లోడు మద్రాసు నుంచి వచ్చినాడు,
టై కట్టుకొని. మరక చూసినాడు.
"ఇంకో రెండు కిలోలు ఎక్కువెయ్యండి" అన్నాడు.
ఆయప్పకు తెలిసింది అంతే,
లేదా ఆయప్ప అమ్మేది అంతే.

పారిశ్రామికవేత్తల సదస్సుకూ పోయినాను.
ఏసీ హాలు, పెద్ద తెర, తెరమీద బాణాలు,
బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి.
నా గలీబు హ్యాండుబ్యాగులోనే ఉండింది.
తీసి చూపించేదానికి సిగ్గేసింది.
సమోసా తిని వచ్చేసినాను.

చెప్పింది మాత్రం కాళహస్తి బస్సులో పక్కసీటాయన.
రేణిగుంట గేటుకాడ బస్సు ఆగిపోయింది.
చెమట తుడుచుకుందామంటే చేతికందింది ఆ గలీబే.
కలంకారీ పని చేస్తాడంట, పేరు అంకయ్య.
గోళ్ళకింద నలుపు,
బెల్లమూ ఇనుమూ పులిసిన నలుపు.
మరకను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఒట్టి గంధం కాదుమ్మా, దీంట్లో పసుపుండాది.
పసుపు మీద సోడా పోస్తే కుంకుమే గదా అయ్యేది.
మీ అమ్మ చెప్పలేదా?"

చెప్పింది.
పళ్ళెంలో పసుపూ సున్నమూ కలిపి
నా కళ్ళముందే ఎర్రనీళ్ళు చేసింది,
ఎన్ని శుక్రవారాలో.
దిష్టి తీసి వీధిలో పారబోసింది.
నేను ఆ తెలివిని కూడా పారబోసినాను.

"సబ్బు తర్వాత. ముందు చన్నీళ్ళు, ఆమీట ఎండ.
రంగు నిలబెట్టేదానికి మేం ఎంత కష్టపడతామో
దాన్ని తినేదానికి ఎండ అంత కష్టపడతాది.
పసుపంటే దానికి మరీ ఇష్టం."

ఆ మాట షెడ్డు చేరేలోపలే చచ్చిపోయుండేది.
బతికించింది ఇస్త్రీ బల్లకాడ కుప్పమ్మ.
తొమ్మిది తడిగుడ్డలు ఎండకేసి
గంటకొకటి తీసి, ఎన్ని గంటలైతే అన్ని,
మూలన దారంతో ముడులేసింది.
నాలుగు ముళ్ళ గుడ్డ మీద
తల లేదు.

కార్తీకంలో వాన పట్టింది. పది రోజులు.
అంకయ్య దగ్గర వానకు మందు లేదు.
పలమనేరులో పూలు పెంచే ఖాదర్ వలీ
చినిగిన పాలీహౌసు పట్టను సగం ధరకిచ్చినాడు.
"లోపల గాలి ఆడాల, లేకుంటే బూజు" అని
తాను పోగొట్టుకున్న రెండు పంటల కథ చెప్పినాడు.
పట్టకు డబ్బు తీసుకున్నాడు,
కథకు తీసుకోలేదు.

ఇప్పుడు లాడ్జీలు ముప్పై ఎనిమిది.
మొన్న కాణిపాకం నుంచి ఒకాయన వచ్చి
"మీ ఫార్ములా ఏందో..." అని గేటుకాడ నసిగినాడు.
దాచిపెట్టేదానికి నాదేముందా అని వెతికినాను.
పట్ట పలమనేరుది. మాట కాళహస్తిది.
ముడులు కుప్పమ్మవి.
ఎండ ఎవరిదో.
లోపలికి రమ్మన్నాను.
అంతా చూపించినానా అంటే, లేదు.
ఎన్ని ముడులో కుప్పమ్మ చెప్పాల.
ఆమె ఇస్త్రీపెట్టె మీదనుంచి తల ఎత్తలేదు.

నిన్న కొత్త మరకొచ్చింది. తలకేసుకున్న నల్లరంగు.
దానికి ఎండంటే లెక్కలేదు.
గలీబును మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.
చిత్తూరు బస్సు.
కిటికీ పక్క ఖాళీగా ఉన్నా
ఇద్దరి మధ్యన ఇరుక్కొని కూర్చున్నాను.